లోపం కనబడలేదు

ఆ సంస్థకు నగరంలో ఒక పెద్దాసుపత్రి, చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర చెదిరి ఉన్న నలభై మూడు చిన్న ఆసుపత్రులు ఉన్నాయి. చిన్న ఆసుపత్రుల్లో స్కానింగ్ మిషన్లు ఉన్నాయి గానీ, ఆ బొమ్మలు చూసి ఇదీ సంగతి అని చెప్పగల డాక్టర్లు లేరు. వాళ్ళంతా పెద్దాసుపత్రిలోనే ఉంటారు. అక్కడ తీసిన బొమ్మ లైను మీద ఇక్కడికి రావాలి. వీళ్ళు చూసి చెప్పిన మాట మళ్ళీ అక్కడికి పోవాలి. ఆ నలభై మూడు లైన్లను కనిపెట్టుకుని ఉండటమే ఆమె ఉద్యోగం.

ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. ఆ పిలుపు మీద నిజంగా హక్కున్న మనిషి మాత్రం ఒక్కతే. కొండ దిగువ ఆసుపత్రిలో స్కానింగ్ గదిలో పనిచేసే ఆమె చెల్లెలు. ఇద్దరికీ పద్నాలుగేళ్ళు తేడా. చెల్లెలికి జడలు వేసిందీ, బడి దాకా వేలు పట్టుకుని నడిపించిందీ, స్కానింగ్ కోర్సులో చేర్పించిందీ, చివరికి ఈ సంస్థలో ఖాళీ ఉందని చెప్పి దరఖాస్తు నింపించిందీ అక్కే. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ గోరంత జరిగితే కొండంత చేసి చెప్పే అలవాటు. కాలికి ముల్లు గుచ్చుకుంటే కాలు పోయిందని ఏడ్చేది. అక్క మొదట్లో పరుగెత్తుకొచ్చి, తర్వాత నవ్వి, ఆ తర్వాత్తర్వాత పరుగెత్తుకు రావడం మానేసింది.

మూడేళ్ళ కిందటి వరకు ఆ ఆఫీసులో ఎనిమిది మంది వంతులవారీగా తెరల ముందు కూర్చుని లైన్లు చూసేవాళ్ళు. ఏ లైను కాస్త దగ్గినా గంట మోగేది. రోజుకు నూట ముప్పై, నూట నలభైసార్లు. అందులో నిజమైనవి రెండో మూడో. మోగీ మోగీ అది ఎవరి చెవికీ ఎక్కకుండా పోయింది. ఒకాయన విసుగెత్తి స్పీకరు మీద అట్టముక్క అంటించేశాడు. నిజంగా లైను తెగిన రోజు ఆ అట్టముక్క వెనకాల గంట సన్నగా మోగుతూనే ఉంది, ఎవరూ లేవలేదు.

ఆ రోజే అక్క పట్టుబట్టింది. మనుషులు చూడటం కాదు, లైన్ల కష్టసుఖాలు తనంతట తాను కనిపెట్టే ఏర్పాటు కావాలంది. రెండేళ్ళు కూర్చుని తయారు చేసింది. ఆఫీసులో దానికి కాపలా అని పేరు పెట్టుకున్నారు. అది ప్రతి నిమిషానికీ ఒక్కో ఆసుపత్రికి చిన్న చిన్న పలకరింపులు పంపి, అవి తిరిగొచ్చేదాకా పట్టిన సమయం రాసుకుంటుంది. లైను మీద బొమ్మలు ఎంత వేగంగా పోతున్నాయో కూడా రాసుకుంటుంది. ఏ రెండు లైన్లూ ఒక్కలా ఉండవు. కొండ దాటి వచ్చేది ఒకటి, సముద్రం పక్కనుంచి వచ్చేది ఒకటి. అన్నిటికీ ఒకే కొలత పెడితే మళ్ళీ ఆ గంటల గోలే. అందుకని ఆమె ఏ లైనుకు ఆ లైను మామూలునే కొలతగా పెట్టింది. కాపలా మొదటి నెలంతా ఊరికే చూసి, ఈ లైను మామూలుగా ఇలా ఉంటుంది అని నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఆ మామూలు తప్పితేనే ఎర్రరంగు చూపిస్తుంది. లేకపోతే పచ్చరంగు.

మోగే గంటలు రోజుకు మూడుకు తగ్గాయి. ఎనిమిది మందిలో ఆరుగురిని వేరే పనుల్లోకి మార్చారు. మేనేజరు మీటింగులో అందరి ముందూ లేచి, "ఇదంతా మన అక్క చేతి చలవ" అన్నాడు. ఆమె ఆ మాట చెల్లెలికి ఫోన్ చేసి చెప్పుకుంది. చెల్లెలు సంతోషపడి, ఆ వెంటనే అంది: "అయితే అక్కా, మా లైను సంగతి కూడా దాన్ని అడుగు. మరీ నత్తనడక నడుస్తోంది."

అది మొదటి ఫిర్యాదు.

ఫిర్యాదులకు ఒక పద్ధతి ఉంది. ఆసుపత్రివాళ్ళు రాసి పంపుతారు, ఇక్కడివాళ్ళు తెర చూస్తారు. ఎర్రగా ఉంటే మనిషిని పంపుతారు. పచ్చగా ఉంటే 'లోపం కనబడలేదు' అని రాసి మూసేస్తారు. ఆ పద్ధతి రాసింది కూడా అక్కే. చెల్లెలు రాసి పంపడంతో ఊరుకునేది కాదు, ఫోన్ కూడా చేసేది.

"ఒక్క స్కాన్ పోవడానికి ముప్పావుగంట పట్టిందక్కా. మధ్యలో రెండుసార్లు తెగింది."

"ఉండు, నువ్వు లైన్లో ఉండగానే చూస్తా." అక్క కీబోర్డు టకటకలాడించింది. "వంద పలకరింపులు పంపాను. వందా తిరిగొచ్చాయి. ఒక్కటి కూడా పోలేదు. శుభ్రంగా ఉంది కదే?"

"నీకు శుభ్రంగా ఉంటే సరిపోతుందా? ఇక్కడ నాకు పోవట్లేదు."

"మీ మిషన్ పాతబడింది. ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి."

"అన్నీ ఆపి వేశాను. ఇక నన్ను నేను ఆపి వేసుకోవడం ఒక్కటే మిగిలింది."

అక్క నవ్వేసింది. చెల్లెలి పక్కన కూర్చుని ఉన్న మరిది ఫోన్ లాక్కున్నాడు. ఆయన బోర్డులు రాసే పెయింటరు. దుకాణాల తలుపుల మీద, గోడల మీద, బళ్ళ వెనకాల అక్షరాలు రాస్తాడు. అచ్చేసిన బోర్డులు ఎన్ని వచ్చినా, ఆ చుట్టుపక్కల చేతిరాత కావాలంటే ఆయనే. మధ్యాహ్నం పూట పని దగ్గరుంటే ఆసుపత్రికే వచ్చి భార్యతో కలిసి తినేవాడు.

"వదినా, మీ లైనుకి నేనో బోర్డు రాసిస్తా. 'నిదానమే మా నినాదం' అని. చుట్టాలు కాబట్టి ఊరికే."

"నువ్వు ముందు మీ ఆవిడ నోటికి రాయి ఒకటి, 'వేచి ఉండండి' అని."

"అమ్మో, ఆ నిచ్చెన నేనెక్కలేను."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ రోజు ఫిర్యాదు కింద అక్క 'లోపం కనబడలేదు' అని రాసింది. తర్వాత పద్నాలుగు నెలల్లో చెల్లెలు మొత్తం పదకొండు ఫిర్యాదులు పంపింది. పదకొండింటి కిందా అదే మాట. మూడు తప్ప మిగతావన్నీ అక్క తన చేత్తో మూసింది. పదకొండోది మూసేటప్పుడు కొంచెం కోపం కూడా వచ్చింది. తన చెల్లెలు కాబట్టి ఇంతలా పట్టుకు వేధిస్తోందనీ, మిగతా నలభై రెండు చోట్ల ఎవరూ కిక్కురుమనడం లేదు కదా అనీ అనుకుంది.

ఆ రోజు మంగళవారం. పదకొండు గంటలకు మరిది ఒక మందుల దుకాణం ముందు నిచ్చెన మీద నిలబడి పేరు రాస్తున్నాడు. కింద నిలబడి చూస్తున్న దుకాణదారుకు ఉన్నట్టుండి అక్షరం వాలిపోవడం కనిపించింది. ఆయన రాతలో ఒంకర అన్నది ఎవరూ ఎరగరు. "ఏంటి సార్, నిద్రొస్తోందా?" అని దుకాణదారు హాస్యమాడాడు. జవాబుగా కుంచె జారి కిందపడింది. తర్వాత మనిషి జారాడు. దుకాణదారు పట్టుకోబట్టి తలకు దెబ్బ తగల్లేదు. కానీ మూతి ఒక పక్కకు లాగేసింది, కుడిచెయ్యి వేలాడిపోయింది.

బండి దొరికి ఆసుపత్రికి చేర్చేసరికి పన్నెండుంబావు. స్కానింగ్ గదిలో చెల్లెలు ఉంది. స్ట్రెచరు మీద ఎవరో తెలిశాక కూడా ఆమె చేతులు ఆగలేదు. మిషన్ మీద పడుకోబెట్టింది, తల కదలకుండా దిండ్లు సర్దింది, గాజు వెనక్కి వెళ్ళి మీట నొక్కింది. పన్నెండూ ముప్పై ఎనిమిదికి మూడువందల చిల్లర బొమ్మలు తయారయ్యాయి. పెద్దాసుపత్రికి పంపింది.

సంగతేమిటంటే, మెదడులో రక్తం గడ్డ కట్టి ఇలా పడిపోయినవాళ్ళకు ఒక ఇంజెక్షన్ ఉంది. గడ్డను కరిగిస్తుంది. కానీ పడిపోయిన నాలుగున్నర గంటల్లోపలే ఇవ్వాలి. అదీ తలలో రక్తం కారడం లేదని బొమ్మ చూసి తేల్చుకున్నాకే ఇవ్వాలి. కారుతుండగా ఇస్తే ఆ మందే ప్రాణం తీస్తుంది. అంటే మధ్యాహ్నం మూడున్నర దాకా వ్యవధి ఉంది. మందు ఆ చిన్న ఆసుపత్రి ఫ్రిజ్‌లో, స్కానింగ్ గదికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

ఒంటిగంటకు నూటికి ముప్పై వంతులు పోయాయి. ఒంటిగంటా పదికి ముప్పై ఒకటి. చెల్లెలు అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, బొమ్మ పోవట్లేదు."

"మళ్ళీనా?"

"అక్కా, ఆయనే. ఆయన తల బొమ్మలే."

అక్క కుర్చీలో ముందుకు వంగి తెర చూసింది. కొండ దిగువ ఆసుపత్రి పేరు పక్కన పచ్చరంగు. పలకరింపులు పంపింది. వందకు వంద. మళ్ళీ పంపింది. వందకు వంద.

"లైను బాగుందే. ఒట్టు, బాగుంది. నీ మిషన్‌లోనే ఏదో చిక్కుకుంది. అది ఆపేసి మొదట్నుంచి పంపు."

"మొదట్నుంచా? ముప్పై దాకా పోయింది కదక్కా..."

"చెప్పేది విను. చిక్కుకున్నది అలాగే ఉంటుంది. ఆపి పంపు."

చెల్లెలు ఆపి, మొదటినుంచి పంపింది. మళ్ళీ ముప్పై ఒకటి చేరేసరికి రెండు గంటలు.

ఆ తర్వాత అక్క చేయనిది లేదు. లైను కంపెనీకి ఫోన్ చేసింది. వాళ్ళు తమ తెరలో కూడా అంతా బాగుందన్నారు. ఆఫీసు పని కోసం ఆ లైను వాడుతున్న కంప్యూటర్లన్నీ ఆపించింది. పరుగున మూడో అంతస్తుకు వెళ్ళి, బొమ్మలు చదివే డాక్టరు పక్కన నిలబడింది. చెల్లెలు తెరకు ఫోన్ పెట్టి తీసిన ఫొటోలు ఒకటీ ఒకటీ వస్తున్నాయి, మసకగా, మెరుపులతో. అంత బరువున్న అసలు బొమ్మలను లాగే సత్తా ఆ కొండ దిగువ ఫోన్ సిగ్నల్‌కు లేదు. డాక్టరు వాటిని పెద్దవి చేసి చేసి చూసింది.

"వీటిని చూసి ఆ మందు ఇవ్వమని నేను చెప్పలేనమ్మా. ఇక్కడ చూడండి, ఇది మరకో, ఫొటో మెరుపో తెలియడం లేదు. అది రక్తమైతే మనమే చంపినవాళ్ళమవుతాం. అసలు బొమ్మలు తెప్పించండి. వచ్చిన నిమిషంలో చెప్తాను."

రెండున్నరకు బొమ్మల డిస్కుతో సహా ఆంబులెన్స్ ఎక్కిద్దామా అనుకున్నారు. రోడ్డు మీద మూడు గంటల ప్రయాణం. లైనే నయం అంది అక్క. అవును, అది కూడా ఆమె అన్న మాటే.

మూడూ ముప్పైకి నూటికి డెబ్బై ఒకటి. నాలుగూ పదికి అన్నీ వచ్చాయి. డాక్టరు నిజంగానే ఒక్క నిమిషం చూసింది. రక్తం లేదు. గడ్డే. "వేళకొస్తే ఇవ్వగలిగేవాళ్ళం," అంది మెల్లగా. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

మరిది బతికాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. పోయిందంటే పూర్తిగా కాదు, ఒక్క మాట మిగిలింది. ఏం అడిగినా, ఏం కావాలన్నా, కోపమొచ్చినా, ఏడుపొచ్చినా "అదే" అంటాడు. "అదే, అదే" అని.

నాలుగో రోజు అక్క కొండ దిగువ ఆసుపత్రికి వెళ్ళింది. చెల్లెలు సెలవులో ఉంది. లైను వచ్చి చేరే పెట్టె స్కానింగ్ గది వెనక, చీపుళ్ళు, బకెట్లు పెట్టుకునే ఇరుకు గదిలో ఉంది. తుడిచే కర్రలు పక్కకు నెట్టి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని తన ల్యాప్‌టాప్‌ను పెట్టెకు తగిలించింది. చిన్న పలకరింపులు కాదు, ఈసారి స్కాన్ అంత బరువున్న ఫైలు ఒకటి పంపింది. అది పాకడం మొదలుపెట్టింది. ఆమె పెట్టె లోపలి లెక్కలు తెరిచి చూసింది.

పది నిమిషాల్లో దొరికింది. పదహారు నెలల కిందట పాత పెట్టె కాలిపోతే కొత్తది పెట్టారు. కొత్త పెట్టె, లైను కంపెనీవాళ్ళ పెట్టె ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. వాళ్ళది, ఇద్దరం ఒకేసారి మాట్లాడొచ్చు అన్న పద్ధతిలో ఉంది. వీళ్ళది, ఒకరు ఆపాకే ఇంకొకరు అన్న పద్ధతిలో ఉంది. ఒక్కో చిన్న పలకరింపు వచ్చి పోయినంతసేపూ ఏ గొడవా లేదు, ఎదురుపడేంత రద్దీయే లేదు. పెద్ద బొమ్మ బయల్దేరగానే రెండు వైపుల మాటలూ ఢీకొని, ముక్కలు పాడై, మళ్ళీ పంపి, మళ్ళీ ఢీకొని... ఆ ఢీకొన్న లెక్క పెట్టె లోపల లక్షల్లో ఉంది. అది ఎవరైనా చూడగలిగేదే. ఎవరూ చూడలేదు.

కాపలా బొమ్మల వేగం కూడా కొలుస్తుంది కదా, మరి అదెందుకు పట్టుకోలేదు? ఆమె అక్కడే కూర్చుని తేదీలు చూసింది. కొత్త పెట్టె పెట్టిన ఎనిమిదో రోజున కాపలా ఆ లైనును చూసి నేర్చుకోవడం మొదలుపెట్టింది. జబ్బు పడ్డ లైనును చూసి, ఈ లైను మామూలు ఇదే అని రాసుకుంది. ఆ మంగళవారం కూడా లైను తన మామూలు తప్పలేదు.

పెట్టెలో ఒక్క మాట మార్చింది. ఫైలు రెండున్నర నిమిషాల్లో వెళ్ళిపోయింది. ఇంకోసారి పంపింది. రెండు నిమిషాల నలభై సెకన్లు. చీపుళ్ళ గది తలుపు వేసుకుని, బకెట్టు మీద నుంచి నేల మీదకు జారి కూర్చుంది. ఏడుపు రాలేదు. బయట ఎవరో తలుపు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా? బకెట్టు కావాలి" అన్నారు. లేచి బకెట్టు అందించింది.

జరిగింది జరిగినట్టు రాసి మేనేజరుకు ఇచ్చింది. ఏడు పేజీలు. పద్ధతి రాసింది తనే అనీ, పదకొండు ఫిర్యాదుల్లో ఎనిమిది మూసింది తనే అనీ, ఆపి మొదటినుంచి పంపమన్నది తనే అనీ ఉంది అందులో. మేనేజరు చెడ్డవాడు కాదు. తలుపు మూసి, ఆమెకు మంచినీళ్ళు పోసి ఇచ్చాడు.

"అక్కా, ఇందులో నీ సొంత బాధ ఎక్కువుంది. నేను అర్థం చేసుకోగలను. కానీ మనం పెట్టుకున్న హద్దుల ప్రకారం లైను హద్దుల్లోనే ఉంది కదా?"

"హద్దులు పెట్టింది నేనే కదా సార్."

"నువ్వొక్కదానివే పెట్టలేదు. అందరం ఒప్పుకున్నాం, సంతకాలున్నాయి. నీ తప్పని రాస్తే ఎవరికి మంచి జరుగుతుంది? మీ మరిది చెయ్యి తిరిగొస్తుందా?"

"రాదు."

"అదే నేననేది. కాపలాకి ఇంకో పరీక్ష కలుపు. పెట్టెల లోపలి లెక్క కూడా చూసేట్టు. అది చాలు. ఇంకో పెద్ద సంస్థవాళ్ళు కూడా మన కాపలా తీసుకుంటామంటున్నారు. ఈ సమయంలో ఏడు పేజీలు అక్కర్లేదు, ఒక పేజీ చాలు."

ఆ ఒక పేజీ మేనేజరే రాశాడు. 'లైను పనితీరు నిర్ణీత హద్దుల్లో ఉండగా ఆలస్యం సంభవించింది. పరీక్షను మెరుగుపరచడమైనది.' ఆమె ఏడు పేజీలు ఏ ఫైలులో పెట్టారో ఆమెకు తెలియదు.

కొత్త పరీక్ష కలిపింది. కలిపిన మొదటి ఉదయం తెర మీద తొమ్మిది ఆసుపత్రులు ఎర్రగా వెలిగాయి. అదే జబ్బు, తొమ్మిది చోట్ల. కొన్నిటికి ఏడాదిన్నర నుంచి, ఒకదానికి రెండేళ్ళ నుంచి. ఆ రెండేళ్ళలో ఆ తొమ్మిది చోట్ల నుంచి వచ్చిన ఫిర్యాదులు వెతికింది. మొదట్లో ఒకటీ రెండూ ఉన్నాయి, తర్వాత ఏమీ లేవు. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది.

"మా లైనా? అది ఎప్పుడూ అంతేనండి," అన్నాడు ఒక స్కానింగ్ అతను. "మీవాళ్ళు బాగానే ఉందన్నారు. మేం అడగడం మానేశాం. తొందరైనవి బండి మీద పంపించేస్తాం."

ఇంకో చోట ఒక నర్సు ఎత్తింది. అక్క అన్నీ అడిగి, చివర్లో అడగలేక అడిగింది: "ఈ ఆలస్యం వల్ల... పేషెంట్లకు ఎవరికైనా ఏమైనా అయిందా?"



"అవి ఎవరు లెక్కపెట్టారండీ?" అంది నర్సు. ఆ గొంతులో కోపం లేదు. "బొమ్మ ఆలస్యమైంది, మనిషి పోయాడు. బొమ్మ ముందొస్తే ఉండేవాడా అని ఎవరు చెప్తారు?"

ఆ సాయంత్రానికి తొమ్మిది లైన్లూ బాగయ్యాయి. కూర్చున్న చోటు నుంచి కదలకుండానే బాగుచేసింది. ఒక్కోదానికి నిమిషమున్నర పట్టింది.

చెల్లెలికి చెప్పడానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళింది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మరిది కిటికీ పక్క కుర్చీలో, కుడిచెయ్యి ఒళ్ళో దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. వదినను చూసి ఎడమ పక్క మొహం మాత్రం కదిలింది. "అదే," అన్నాడు. చెల్లెలు బట్టలు మడత పెడుతోంది. అక్క పక్కన కూర్చుని తనూ ఒక చొక్కా తీసుకుంది. పెట్టె సంగతి, తేదీల సంగతి, ఆపి పంపమన్న సంగతి, ఆ ఆపి పంపడంలో పోయిన సమయం సంగతి మొత్తం చెప్పింది. ఒక్కటీ దాచలేదు.

"మొదటిసారి పంపినదాన్ని అలాగే వదిలేసి ఉంటే మూడున్నరలోపు వచ్చేదా?" చెల్లెలు మడత ఆపకుండా అడిగింది.

అక్క ఆ లెక్క చాలాసార్లు వేసుకుంది. "మూడూ ఇరవైకి వచ్చి ఉండేది."

చెల్లెలు చొక్కా చేతులు లోపలికి మడిచి, గుండీలు సర్ది, దొంతర మీద పెట్టింది.

"మిషన్లు చెడిపోతాయక్కా. రోజూ వాటితోనే కదా నా బతుకు, నాకు తెలీదా? దానికి నేనేం అనను." ఇంకో చొక్కా తీసుకుంది. "పదకొండు సార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నువ్వు నన్నడగలేదు, దాన్నడిగావు. ఆయన తల బొమ్మలని చెప్పినప్పుడు కూడా దాన్నే అడిగావు."

"తప్పయిపోయిందే."

"ఊఁ."

 చెల్లెలు అరిచినా, చెయ్యి చేసుకున్నా బాగుండేదని అక్కకు అనిపించింది. చెల్లెలు లేచి మొగుడి నోటి పక్కన కారిన తడి తుడిచి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడు నెలలు ప్రతి ఆదివారం అక్క వెళ్ళింది. మరిదికి గడ్డం గీసింది. కాలు మడిచి చాపే వ్యాయామాలు చేయించింది. ఒకసారి ఎడమచేతికి అలవాటవుతుందేమోనని కుంచె, పలక పట్టుకెళ్ళింది. ఆయన కుంచె పట్టుకుని చాలాసేపు పలకను చూశాడు. ఒక గీత గీశాడు. పైనుంచి కిందకు దిగాల్సిన గీత అడ్డంగా పాకింది. ఆయన దాన్ని చూశాడు. ముప్పై ఏళ్ళు అక్షరాలు దిద్దిన కన్ను అది, దానికేమీ కాలేదు, గీత ఎలా ఉందో దానికి స్పష్టంగా తెలుసు. కుంచెను విసిరికొట్టాడు. రంగు గోడ మీద, అక్క చీర మీద చిమ్మింది. "అదే! అదే! అదే!" అని గొంతు చించుకున్నాడు. చెల్లెలు వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి ఆయన తల పొట్టకు హత్తుకుంది. చాలాసేపటికి ఆయన ఊరుకున్నాడు.

మెట్ల దాకా చెల్లెలు వెంట వచ్చింది. ఎన్నడూ రానిది వచ్చిందని అక్క ఆశపడింది.

"ఇక రావద్దక్కా," అంది చెల్లెలు.

"తెలీక తెచ్చానే కుంచె. ఇంకెప్పుడూ..."

"కుంచె గురించి కాదు. నువ్వొస్తే ఆయనకు బాగానే ఉంటుంది, నవ్వడానికి చూస్తాడు కూడా. నేనే ఉండలేకపోతున్నా. నువ్వు కూర్చుని ఆయన కాలు చాపుతుంటే నాకు మూడూ ఇరవై గుర్తొస్తుంది. వారమంతా ఎలాగో మర్చిపోతాను, ఆదివారం మళ్ళీ గుర్తొస్తుంది."

"నాకు మాత్రం..."

"నీకూ ఉంటుంది. నాకు తెలుసు. కానీ నీ బాధ కూడా నేను మొయ్యలేనక్కా."

అక్క వెళ్ళడం మానేసింది. ఉద్యోగం మానలేదు. మానేద్దామని రెండుసార్లు కాగితం రాసి చించేసింది. తను పోతే రేపు ఎక్కడైనా లోపం వస్తే చూసేదెవరని అనుకుంది. కానీ చూసే మనిషి అవసరమే లేకుండా చేసింది కూడా తనే. ఆఫీసులో రోజుకు రెండుసార్లు గంట మోగుతుంది. మిగతా సమయమంతా ఆమె పచ్చరంగు ఉన్న ఆసుపత్రులకు ఒక్కొక్కదానికీ ఫోన్ చేసి, లైను ఎలా ఉందండీ అని అడుగుతుంది. బాగానే ఉందండీ అంటారు. నిజంగా బాగుందా, ఎందుకొచ్చిన గొడవని అంటున్నారా అన్నది ఆ గొంతుల్లో ఆమెకు తెలియదు. రెండోసారి అడిగితే విసుక్కుంటారు. ఒకరిద్దరు మేనేజరుకు చెప్పారు కూడా, మీ ఆఫీసు నుంచి ఒకావిడ ఊరికే ఫోన్ చేసి పని చెడగొడుతోందని. మేనేజరు ఆ మాట ఆమెతో మెత్తగానే చెప్పాడు.

ఏడు నెలల తర్వాత ఒక బుధవారం ఉదయం ఆమె ఫోన్‌లో చెల్లెలి పేరు కనిపించింది. ఎత్తేలోపు ఆగిపోతుందేమోనని గబుక్కున ఎత్తింది.

"బావున్నావా అక్కా?"

"బావున్నానే. నువ్వెలా ఉన్నావు? మరిది..."

"ఉన్నాం. ఇల్లు ఖాళీ చేస్తున్నాం. మాట నేర్పే డాక్టరు ఉన్న ఊరికి వెళ్ళిపోతున్నాం. అక్కడ ఒక స్కానింగ్ సెంటర్లో పని దొరికింది. మీ ఇంట్లో నా సర్టిఫికెట్లు ఉన్నాయి కదా, నీలం సంచిలో. అవి పోస్టులో పంపుతావా? కొత్త ఆఫీసు పేరు మీద పంపితే చాలు, మెసేజ్ పెడతా."

"పోస్టు ఎందుకే, నేనే తెచ్చిస్తా. ఎప్పుడు బయల్దేరుతున్నారు? సామాను సర్దడానికైనా..."

"అయిపోయిందక్కా. రేపే."

"అక్కడ ఇల్లెక్కడ? అడ్రసు చెప్పు, రాసుకుంటా."

అవతల ఎవరో పెట్టె ఈడుస్తున్న చప్పుడు. చెల్లెలు వాళ్ళతో మెల్లగా అని ఏదో అంది. తర్వాత ఫోన్‌లోకి వచ్చింది.

"కుదురుకున్నాక చెప్తాలే అక్కా. ఉంటా మరి."

అక్క ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి బీరువా పైనుంచి నీలం సంచి దించింది. పదో తరగతి నుంచి కోర్సు దాకా కాగితాలన్నీ వరసగా ఉన్నాయి, తను పెట్టినట్టే. ఒక్కొక్కటీ చూసి, కవరులో పెట్టి, మర్నాడు పోస్టులో పంపింది. అందినట్టు చెల్లెలి నుంచి ఒక ముక్క మెసేజ్ వచ్చింది. అడ్రసు ఇప్పటిదాకా రాలేదు. ఆమె అడగనూ లేదు.